ఏ మొక్కా నిలవని ఇంట్లో పూలు పూయించడం ఎలా? విజయనగరం డాబా మీద మొదటి ప్రయత్నానికి సలహాలు కావాలి

కొత్తకుండీ | విజయనగరం | జూన్ 17

అందరికీ నమస్కారం. మేము విజయనగరంలో కోటకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో, మేడ మీది వాటాలో అద్దెకు ఉంటున్నాము. వంటింటి వెనుక తూర్పు ముఖంగా చిన్న వరండా ఉంది. డాబా మీద కూడా కుండీలు పెట్టుకోవడానికి ఇంటివారు అనుమతించారు. మా అత్తగారు ఆమదాలవలస దగ్గరి పల్లెలో, పెద్ద పెరడు ఉన్న ఇంట్లో పెరిగారు. దేవుడికి పెట్టే పూలు ఇంటి మొక్కలకు పూసినవే కావాలని ఆవిడకు ఉంటుంది గాని ఆ మాట పైకి అనరు. ఆ పూలు నేను పూయించాలని నా కోరిక.

వేసవికి ముందు బండి మీద మొక్కలు తెచ్చిన అతని దగ్గర గులాబి, చామంతి, మల్లె కొన్నాము. గులాబి ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలిపోయాయి. చామంతి ఉన్న పూలు వాడిపోయిన తరువాత కాడలతో సహా ఎండిపోయింది. మల్లె పచ్చగానే ఉంది కాని ఒక్క మొగ్గ కూడా వేయలేదు. మూడింటికీ ఉదయం, సాయంత్రం తప్పకుండా నీరు పోస్తున్నాను. మొక్కల గురించి ఏమీ తెలియనివారు ఏ పువ్వుతో మొదలుపెట్టాలి, ఏ క్రమంలో నేర్చుకోవాలి అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

నాగావళి ఒడ్డు | శ్రీకాకుళం | జూన్ 17

అమ్మా, ఏ మొక్క వేయాలన్నది తరువాత మాట్లాడుకుందాము. ముందు నాలుగు సంగతులు తెలియాలి. వరండాలో ఎండ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పడుతుంది? కుండీ అడుగున చిల్లు ఉందా, ఉంటే అందులోంచి నీరు బయటికి వస్తున్నదా? మట్టి ఎక్కడిది? పోస్తున్నది మున్సిపాలిటీ నీరా, బోరు నీరా? వీటికి జవాబులు లేకుండా ఎవరు ఏ మందు చెప్పినా అది ఊహే అవుతుంది.

కొత్తకుండీ | విజయనగరం | జూన్ 18

మాస్టారూ, ఈ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నందువల్ల రోజంతా గమనించగలిగాను. వరండాలో సూర్యోదయం నుంచి సుమారు పది గంటల దాకా ఎండ ఉంటుంది, తరువాత పక్కింటి గోడ నీడ వచ్చేస్తుంది. డాబా మీద రోజంతా ఎండే. కుండీలు ప్లాస్టిక్‌వి. అడుగున చిల్లులు ఉన్నాయి కాని, కింది వాటాలోకి నీరు కారకుండా ప్రతి కుండీ కింద పళ్ళెం పెట్టాము, అందులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉంటుంది. మట్టి మా వీధి చివర ఇల్లు కడుతున్న చోటు నుంచి తెచ్చిన ఎర్రమట్టి. ఆరితే పైన బిగుసుకుపోయి నెర్రెలు వారుతుంది. నీరు బోరుది. కుండీ అంచున తెల్లటి పొర కడుతోంది.

నాగావళి ఒడ్డు | శ్రీకాకుళం | జూన్ 18

మీరు చూసి చెప్పిన తీరు చాలా బాగుంది. గులాబి ఎందుకు పోయిందో మీ జవాబులోనే ఉంది.

వేరుకు నీరు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీలలో కొంత నీరు, కొంత గాలి ఉన్నప్పుడే వేరు బతుకుతుంది. మన రెండు జిల్లాలలోని ఎర్రమట్టి నేలలో ఉన్నంత కాలం మంచిదే, ఎందుకంటే అక్కడ వానపాములు, చెట్ల వేర్లు దాన్ని గుల్లగా ఉంచుతాయి. అదే మట్టిని విడిగా ప్లాస్టిక్ కుండీలో నింపి రోజుకు రెండుసార్లు నీరు పోస్తే అది అణిగి ముద్ద కట్టి ఖాళీలు మూసుకుపోతాయి, దానికి తోడు పళ్ళెంలో నీరు నిలిచి ఉంటే అడుగు భాగం ఎన్నడూ ఆరదు. అప్పుడు వేర్లు గాలి అందక కుళ్ళుతాయి, కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అందుచేత తడి మట్టిలో ఉన్న మొక్క కూడా దాహంతో ఉన్నట్టే వాడిపోతుంది. అది చూసి ఇంకా నీరు పోయడం ఎవరికైనా సహజమే. కొత్తగా మొదలుపెట్టిన ఇళ్ళలో మొక్కలు ఎక్కువగా పోయేది నీరు లేక కాదు, నీరు ఎక్కువై.

కాబట్టి మొదట మట్టి మార్చండి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల గత్తం, ఒక పాలు ముతక ఇసుక కలపండి. నాగావళి ఇసుక గరుకుగా ఉంటుంది కనుక ఇందుకు బాగా పనికివస్తుంది. ఇసుకకు బదులు కొబ్బరి పొట్టు వేస్తే కుండీ తేలికవుతుంది, అద్దె ఇంటి డాబాకు అది మంచిదే. 12 అంగుళాల కుండీ తడిసినప్పుడు 20 కిలోలకు పైనే తూగుతుంది. అందుకని కుండీలను డాబా నడుమ కాక, కింద గోడ లేదా దూలం ఉన్న అంచుల వెంబడి పెట్టుకోండి. కుండీ చిల్లు మీద ఒక పెంకు ముక్క బోర్లించి ఆ పైన మట్టి నింపండి. నీరు పోసే ముందు వేలు రెండు కణుపుల లోతు దాకా మట్టిలో గుచ్చి చూడండి. లోపల తడి తగిలితే ఆ పూట నీరు వద్దు.

పళ్ళెం తప్పనిసరి అయితే నీరు పోసిన అరగంటకు దాన్ని వంచేయండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు చాలు, నిలవ నీటి పళ్ళెం దానికి చక్కటి చోటు.

కళింగ తీరం | కళింగపట్నం | జూన్ 19

కొత్తకుండీ గారూ, అంచున కడుతున్న తెల్లటి పొర బోరు నీటిలోని లవణాలది. మాకు సముద్రం దగ్గర కనుక ఈ బాధ ఇంకా ఎక్కువ. కొద్దికొద్దిగా నీరు చల్లుతూ ఉంటే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే మిగిలిపోయి పేరుకుంటుంది. ఆకుల కొసలు మాడినట్టు గోధుమ రంగుకు తిరగడం దానికి గుర్తు. కాబట్టి పోసినప్పుడు అడుగు నుంచి కొంత నీరు కారిపోయేంత నిండుగా పోయాలి, తరువాత మట్టి ఆరే దాకా ఆగాలి. ఇప్పుడు తొలకరి మొదలైంది కదా, కుండీలను వానలో నాలుగు పూటలు తడవనిస్తే పేరుకున్న ఉప్పు చాలా వరకు కొట్టుకుపోతుంది. డాబా నుంచి దిగే గొట్టం కింద ఒక డ్రమ్ము పెట్టి, మూత వేసి వాననీరు పట్టుకోండి. విత్తనాలకు, లేత నారుకు ఆ నీరే వాడండి.

పూలసజ్జ | బొబ్బిలి | జూన్ 19

మట్టి గురించి చెప్పినదంతా నిజమే. అయితే మొదటిసారి పెంచేవారికి కంటికి పూలు కనిపించాలి, లేకపోతే ఉత్సాహం ఉండదు. కాబట్టి నర్సరీలో మొగ్గలతో ఉన్న మొక్కలే కొనండి. కడియం నుంచి మన వైపు వచ్చే మొక్కలు ఆరోగ్యంగానే ఉంటాయి. విత్తనాలు వేసి, నారు పోసి, అది పెరిగే దాకా కనిపెట్టుకొని ఉండడం ఉద్యోగం చేసే ఆడవారికి కష్టం. నా సలహా రెండు మందారాలు, ఒక నందివర్ధనం. ఈ రెండూ పూజకు పనికివస్తాయి, ఏడాది పొడవునా పూస్తాయి.

గత్తం బుట్ట | చీపురుపల్లి | జూన్ 20

పూలసజ్జ గారి మాటను పూర్తిగా ఒప్పుకోలేను, చిన్న రైతుగా నాకు తెలిసినది చెబుతాను. మొగ్గలతో కొన్న మొక్క అప్పటికే వేరే మట్టిలో, వేరే నీటితో, వేరే చేతిలో పెరిగి ఉంటుంది. మన ఇంటికి వచ్చిన తరువాత అది వాడితే ఎక్కడ తేడా వచ్చిందో కొత్తవారికి అర్థం కాదు. అదే విత్తనం నుంచి పెంచిన మొక్క మొదటి ఆకు నుంచి మన ఎండకు, మన నీటికి అలవాటు పడుతుంది, దానికి ఏ రోజు ఏమైందో మనకు తెలిసి ఉంటుంది. పోయినా విత్తనాల పొట్లం ఖర్చే పోతుంది.

అందుకు బంతిని మించిన పువ్వు లేదు. గింజ పెద్దది, చేతికి అందుతుంది, నాలుగు నుంచి ఏడు రోజులలో మొలుస్తుంది. మూడు నాలుగు వారాలలో, నాలుగైదు ఆకులు వచ్చాక నారు తీసి నాటుకోవచ్చు. నాటిన తరువాత సుమారు 55 నుంచి 60 రోజులకు పూలు విచ్చుతాయి. బంతికి కాలం ముఖ్యం. నడివేసవిలో వేస్తే పువ్వు చిన్నబోతుంది. మీ ఊళ్ళో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది కదా, ఆ రోజులకు ఇంటి బంతిపూలు కావాలంటే జూలై మధ్యలో గింజ వేయాలి. సంక్రాంతి గొబ్బెమ్మలకు కావాలంటే సెప్టెంబరు చివరి వారంలో మరో విడత వేయాలి. ఊళ్ళలో మేము విత్తేది పంచాంగంలోని పండుగల నుంచి వెనక్కి లెక్కపెట్టుకొనే. మీరు గోడ మీది క్యాలెండరులో అలాగే గుర్తు పెట్టుకోండి.

నారు నాటిన నెల రోజులకు ప్రతి మొక్క తల కొసను గోటితో తుంచేయాలి. తల తుంచితే పక్క కొమ్మలు పుడతాయి, ప్రతి కొమ్మకూ పూలు వస్తాయి. తుంచని మొక్క నిటారుగా పెరిగి నాలుగు పూలకే బరువెక్కి వాలిపోతుంది. కొత్తవారికి పెరుగుతున్న మొక్కను తుంచడానికి మనసు రాదు, కాని ఈ పని తప్పనిసరి.

నాగావళి ఒడ్డు | శ్రీకాకుళం | జూన్ 20

ఇద్దరి మాటలోనూ తీసుకోవలసినది ఉంది. నందివర్ధనం గురించి పూలసజ్జ గారు చెప్పినది సరైనదే, అది అరనీడలోనూ పూస్తుంది కనుక కొత్తకుండీ గారి వరండాకు సరిగ్గా సరిపోతుంది. మందారానికి ఎండ కావాలి, దాన్ని డాబా మీద పెట్టాలి. అయితే కొననక్కరలేదు. జూలై, ఆగస్టు నెలల్లో గాలిలో తడి ఎక్కువ కనుక కొమ్మలు సులువుగా వేరూనుతాయి. తెలిసినవారి ఇంటి నుంచి పెన్సిలు మందం ఉన్న, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మలను జానెడు పొడవున కోయించి తెచ్చుకోండి. కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటి, నీడలో ఉంచండి. కొత్త చిగురు కనిపించగానే వేరు వచ్చిందనుకోవద్దు, కొమ్మలో దాగిన బలంతో కూడా చిగురు రావచ్చు. చిగురు విచ్చి ఆకులు ఎదిగే దాకా పీకి చూడకండి, చోటు మార్చకండి.

విత్తనం మీద నా అభిప్రాయం మాత్రం గత్తం బుట్ట గారిదే. ఒక్క బంతిని గింజ నుంచి పువ్వు దాకా తీసుకువెళ్ళినవారికి మొక్క భాషలో సగం వచ్చేస్తుంది. మొదటి ఏడాదికి బంతి, నందివర్ధనం, బిళ్ళగన్నేరు చాలు. బిళ్ళగన్నేరుకు ఎండ ఎంతైనా ఫరవాలేదు, ఒక రోజు నీరు మరిచినా తట్టుకుంటుంది. అది చచ్చేది నీరు నిలిస్తేనే. కనుక మీరు నీరు సరిగా పోస్తున్నదీ లేనిదీ ఆ మొక్కే చెబుతుంది. గులాబి జోలికి ఈ ఏడాది వెళ్ళవద్దు.

నైర విద్యార్థి | శ్రీకాకుళం | జూన్ 21

నేను నైరలోని వ్యవసాయ కళాశాలలో చదువుతున్నాను. గులాబి, చామంతి గురించి రెండు మాటలు చేరుస్తాను.

బండి మీద వచ్చే గులాబీలు చాలావరకు కన్ను అంటు కట్టినవి. కింది వేరు మొక్క ఒక రకం, పైన పూలు పూసే కన్ను మరొక రకం. మొక్కకు దెబ్బ తగిలినప్పుడు తరచు పైభాగం ఎండిపోయి, అంటు కట్టిన చోటుకు కింద నుంచి పొడవైన పచ్చని కొమ్మ దూసుకువస్తుంది. అది వేరు మొక్కది కనుక మనం కోరుకున్న పువ్వు దానికి రాదు, పైగా మొక్క బలమంతా అది లాగేసుకుంటుంది. అలాంటి కొమ్మను మొదలంటా తీసేయాలి. మీ గులాబి మొదట్లో ఇంకా పచ్చదనం ఉంటే పారవేయకుండా, అంటుకు పైన చిగురు వస్తుందేమో కొన్నాళ్ళు చూడండి.

చామంతి ఎండిపోవడంలో మీ తప్పేమీ ఉండకపోవచ్చు. పువ్వు అయిపోయాక కాడలు ఎండడం దాని స్వభావం. మొదట్లో పిలకలు వస్తాయి, ఎండిన కాడలను మట్టికి నాలుగు వేళ్ళ ఎత్తున కత్తిరించి, పిలకలను వేరు చేసి నాటుకుంటే అవే మరుసటి ఏడాది మొక్కలు. చామంతి పూతను నిర్ణయించేది రాత్రి నిడివి. మన జిల్లాలలో పగలు జూన్‌లో 13 గంటలకు పైన ఉండి, డిసెంబరు నాటికి 11 గంటలకు దగ్గరగా కురచబడుతుంది. రాత్రులు పెరుగుతున్నకొద్దీ చామంతి మొగ్గ కడుతుంది. అందుకే అది శీతకాలపు పువ్వు. వేసవిలో ఎంత ఎరువు వేసినా దానికి ఆకులే తప్ప పూలు రావు.

మేడమీది మల్లె | శ్రీకాకుళం | జూన్ 22

మల్లె బతికే ఉందన్నారు కనుక దాన్ని వదులుకోకండి వదినా (మీరు అత్తగారి మాట ఎత్తిన తీరు చూసి వదినా అనాలనిపించింది, అన్యథా భావించకండి). మల్లెకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుగా పడే ఎండ కావాలి. మీ వరండాలో నాలుగు గంటల ఎండతో అది ఆకు వేస్తుంది, పువ్వు వేయదు. వెంటనే డాబా మీదికి మార్చండి. ఒక్కసారిగా కాకుండా, వారం పాటు సగం నీడలో ఉంచి మార్చండి.

రెండో సంగతి, యూరియా వంటి నత్రజని ఎరువు దానికి వేయకండి. నత్రజని ఎక్కువైతే మొక్క నిగనిగలాడుతూ తీగ సాగుతుంది, మొగ్గ మాత్రం కట్టదు. మూడోది, మల్లె పువ్వు కొత్త చిగురు మీదే వస్తుంది, పాత కొమ్మల మీద కాదు. అందుకే నవంబరు చివరి నుంచి నీరు తగ్గించి, మొక్కను నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు కూడా దూసేస్తారు. ఆ తరువాత మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, గత్తం, గుప్పెడు వేపపిండి వేసి నీరు మొదలుపెడితే ఫిబ్రవరి, మార్చి నుంచి పూత అందుకుంటుంది. మోడులా నిలబడిన మొక్కను చూస్తే చంపేశామేమో అనిపిస్తుంది, భయపడకండి. మీరు ఇప్పుడు కత్తిరించవద్దు, నవంబరు దాకా ఆగండి.

కొత్తకుండీ | విజయనగరం | జూన్ 22

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. వదినా అన్నందుకు చాలా సంతోషం కలిగింది. మల్లెను డాబా మీదికి మారుస్తాను. గులాబి మొదట్లో పచ్చదనం లేదు. చామంతి పక్కన మాత్రం రెండు చిన్న పిలకలు కనిపించాయి, వాటిని మాస్టారు చెప్పిన మట్టిలో నాటాను.

బియ్యం కడిగిన నీళ్ళు, టీ పొడి, గుడ్డు పెంకులు, ఉల్లి తొక్కల నీరు వేయమని వీడియోలలో రకరకాలుగా చెబుతున్నారు. వీటిలో ఏది నమ్మాలి?

నాగావళి ఒడ్డు | శ్రీకాకుళం | జూన్ 23

ఉప్పు కలవని బియ్యం నీళ్ళు పోయవచ్చు, హాని లేదు. టీ పొడిలో చక్కెర, పాలు మిగిలితే చీమలు, బూజు వస్తాయి, బాగా కడిగి ఆరబెట్టినది కొద్దిగా వేయవచ్చు. గుడ్డు పెంకు మట్టిలో కరగడానికి చాలా కాలం పడుతుంది కనుక ఈ ఏడాది పువ్వుకు దాని సాయం అందదు. ఇవేవీ గత్తానికి సాటి రావు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను, పచ్చి పేడ వేయవద్దు. అది కుళ్ళేటప్పుడు వేడి పుట్టి లేత వేర్లు దెబ్బతింటాయి, వేరుపురుగులు కూడా దానితోనే వస్తాయి. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా ఉండి, పేడ వాసన పోయి మట్టి వాసన వచ్చేదే మాగిన గత్తం.

కొత్తకుండీ | విజయనగరం | జూలై 27

బంతి గింజలు ఈ నెల మధ్యలో ఒక వెడల్పాటి తొట్టిలో చల్లాను. ఒత్తుగా, చక్కగా మొలిచాయి. మూడు రోజులుగా ముసురు పట్టింది. ఈ ఉదయం చూస్తే తొట్టి ఒక మూల నారు మట్టికి ఆనుకునే చోట సన్నబడి, నీటిలో నానినట్టయి, నిలువునా పడిపోయి ఉంది. పురుగు ఎక్కడా కనిపించలేదు. దీన్ని ఆపవచ్చా?

నైర విద్యార్థి | శ్రీకాకుళం | జూలై 27

ఇది నారుకుళ్ళు తెగులు. మట్టిలో ఉండే శిలీంధ్రం వంటి జీవుల వల్ల వస్తుంది. ఒత్తుగా మొలిచిన నారు, ఆరని మట్టి, ఎండ లేని ముసురు కలిస్తే ఒక్క రాత్రిలోనే పాకిపోతుంది. పడిపోయిన మొలకలను చుట్టూ రెండు అంగుళాల మట్టితో సహా ఇప్పుడే తీసి దూరంగా పారవేయండి. తొట్టిని వాన తగలని, వెలుతురు బాగా వచ్చే చోటికి మార్చండి. మిగిలిన నారును మొలకకూ మొలకకూ నడుమ వేలు పట్టేంత ఖాళీ ఉండేలా పలచన చేయండి. నీరు ఉదయం మాత్రమే, అదీ మట్టి పైపొర ఆరితేనే. తరువాతి విడతకు మట్టిలో మాగిన గత్తంతో ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి ముందే కలిపి ఉంచుకుంటే ఈ తెగులు తగ్గుతుంది.

గత్తం బుట్ట | చీపురుపల్లి | జూలై 28

నారుమడిలో మాకూ ప్రతి వానకాలం కొంత పోతుంది అమ్మా, అందుకే కావలసిన దానికంటే ఎక్కువ గింజ వేస్తాము. మిగిలిన నారు మీకు చాలినంత ఉంటుంది. మరో చారెడు గింజలు ఇవాళే వేరే తొట్టిలో, వేలితో గాడి తీసి వరుసలుగా వేయండి. దసరాకు కాకపోయినా దీపావళికి అందుతాయి.

కొత్తకుండీ | విజయనగరం | అక్టోబరు 6

మిగిలిన నారును ఆగస్టులో కుండీలకు మార్చాను, సెప్టెంబరులో తలలు తుంచాను. ఇప్పుడు మొక్కలన్నీ గుబురుగా ఉన్నాయి, ముద్దబంతులు విచ్చుతున్నాయి. మొదటి పూలు అత్తగారే వరండాలో కూర్చుని దండ కట్టారు. నందివర్ధనం కొమ్మలు కూడా ఆకులు వేశాయి.

రెండు సందేహాలు ఉన్నాయి. కొన్ని బంతి ఆకులు దుమ్ము పట్టినట్టు వెలిసిపోయాయి, ఆకు అడుగున సన్నని గూడు కనిపిస్తోంది. రెండోది, చామంతి పిలకలలో ఒకటి మొగ్గ కడుతోంది, దాని కంటే బాగా పెరిగిన రెండోది ఆకులే వేస్తోంది. మట్టి, నీరు, ఎండ రెండింటికీ ఒకటే. ఆకులు వేస్తున్నది మాత్రం డాబా అంచున, వీధి వైపు ఉంది.

నైర విద్యార్థి | శ్రీకాకుళం | అక్టోబరు 6

ఆ అంచుకు వీధి దీపం దగ్గరగా ఉందేమో చూడండి. చామంతికి రాత్రి చీకటి తెగకుండా ఉండాలి. నడుమ వెలుతురు పడితే మొక్క దాన్ని పొడవైన పగలుగానే లెక్కిస్తుంది. పూత ఆలస్యం కావాలనుకొనే పెంపకందారులు ఇందుకోసమే అర్ధరాత్రి దీపాలు వెలిగిస్తారు. కుండీని నీటి ట్యాంకు చాటుకు మార్చండి. కొన్ని వారాలలో మొగ్గ కట్టాలి.

బంతి మీద ఉన్నది ఎర్రనల్లి. వాన తెరిపి ఇచ్చి ఎండ కాసే రోజుల్లో పెరుగుతుంది. ఆకు అడుగున తగిలేలా నీటిని జోరుగా కొట్టి గూళ్ళు కడిగేయండి, మరీ పట్టిన ఆకులు తీసేయండి. ఆ తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఎండలో చేస్తే ఆకు మాడుతుంది. పూజకు కోసే పూల మీద పడకుండా, పూలు కోసిన తరువాతే కొట్టండి.

కొత్తకుండీ | విజయనగరం | అక్టోబరు 7

వీధి దీపం సరిగ్గా ఆ కుండీకి ఎదురుగానే ఉంది. ఈ రోజే మార్చాను.

కళింగ తీరం | కళింగపట్నం | అక్టోబరు 8

పూలు విచ్చుతున్న ఈ సమయంలోనే తుఫానుల గురించి కూడా ఆలోచించాలి. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న, 2021లో గులాబ్ సెప్టెంబరు 26న తీరం దాటాయి. ఇదంతా బంతి నిండుగా ఉండే కాలమే. డాబా మీద కుండీ ఒరిగి పడితే మొక్క పోవడమే కాదు, వీధిలో వెళ్ళేవారి మీద పడే ప్రమాదం కూడా ఉంది. హెచ్చరిక రాగానే కుండీలన్నీ మెట్ల గదిలోకి చేర్చండి. చేర్చలేనివాటిని పిట్టగోడ మీద నుంచి దించి, ఒకదానికొకటి ఆనించి, గాలి సూటిగా తగలని గోడ మూలకు పెట్టండి. బంతికి వెదురు పుల్ల పాతి వదులుగా కట్టండి, బిగించి కడితే గాలికి కాడ అక్కడే తెగుతుంది. వాన వెలిసిన వెంటనే కుండీలలో నిలిచిన నీరు వంచేయడం మరవకండి.

పూలసజ్జ | బొబ్బిలి | అక్టోబరు 9

విత్తనంతో ఉద్యోగస్తులకు కష్టమన్నాను. మీ బంతిపూల సంగతి చదివాక ఆ మాట మార్చుకుంటున్నాను. ఇక కనకాంబరం కూడా ప్రయత్నించండి, అత్తగారి జడకు బాగుంటుంది. ఎండిన కాయల మీద నీరు పడితే టపటపమని పగిలి గింజలు చిమ్ముతాయి, అందుకని కాయలు తడవక ముందే కోసుకోవాలి. నర్సరీలలో ఢిల్లీ కనకాంబరం అని అమ్మేదానికి మాత్రం గింజ కట్టదు, దాన్ని కొమ్మతోనే పెంచాలి. కనకాంబరం వేర్లకు, మట్టిలో ఉండే కంటికి కనిపించని నులిపురుగుల బెడద ఎక్కువ. బంతి వేర్లు వాటిని తగ్గిస్తాయి కనుక, బంతి తీసేసిన తొట్టిలో కనకాంబరం నాటుకోండి.

కొత్తకుండీ | విజయనగరం | నవంబరు 24

దీపం చాటుకు మార్చిన చామంతికి మొగ్గలు వచ్చాయి. సంక్రాంతికని సెప్టెంబరు చివర వేసిన రెండో విడత బంతికి తల తుంచడం కూడా అయింది. మేడమీది మల్లె గారు చెప్పినట్టు ఈ వారం నుంచి మల్లెకు నీరు తగ్గిస్తున్నాను. ఎన్ని రోజులు ఆపి కత్తిరించాలి? మొదటి విడత బంతిపూలను మొక్క మీదే ఎండనిస్తే వచ్చే ఏడాదికి గింజలు వస్తాయా?

మేడమీది మల్లె | శ్రీకాకుళం | నవంబరు 24

రోజులు లెక్కపెట్టకండి వదినా, ఆకులు వడలి పసుపు రంగు తిరగడం మొదలైనప్పుడు కత్తిరించండి. పదునైన కత్తెరతో, కణుపుకు కొంచెం పైన, ఏటవాలుగా కోయండి. ఎండిన కొమ్మలు, మొదట్లో ఒకదానికొకటి రాసుకుంటున్న కొమ్మలు ముందుగా తీసేయండి. పూత మొదలైన తరువాత మొగ్గలకు సన్నని రంధ్రాలు పడి అవి ఊదా రంగుకు తిరిగితే మొగ్గతొలిచే పురుగు పట్టిందని అర్థం. అలాంటి మొగ్గలను అప్పటికప్పుడు కోసి నాశనం చేయండి.

గత్తం బుట్ట | చీపురుపల్లి | నవంబరు 25

గింజలు వస్తాయి అమ్మా. అన్నింటికంటే ఆరోగ్యంగా ఉన్న మొక్కను ఎంచుకొని, దాని మీది పెద్ద పూలు నాలుగింటిని కోయకుండా వదలండి. తొడిమ కింది పచ్చదనం పోయి గోధుమ రంగు వచ్చాక కోసి, నీడలో ఆరబెట్టి, రేకలు పట్టి లాగితే నల్లటి సన్నని గింజలు వాటితోపాటు ఊడి వస్తాయి. తేలికగా, తెల్లగా ఉన్నవి తాలు, వాటిని తీసేయండి. మిగిలినవి కాగితపు పొట్లంలో కట్టి, పొట్లం మీద నెల రాసి, తడి తగలని డబ్బాలో పెట్టండి. మీరు కొన్న పొట్లం మీద హైబ్రిడ్ అని ఉంటే మాత్రం వచ్చే ఏడాది పూలు అన్నీ ఒకే తీరున రావు, కొన్ని ముద్దగా, కొన్ని రెక్కలుగా ఉంటాయి. అందుచేత సగం ఇంటి గింజలు, సగం కొత్త పొట్లం వేసి, రెండింటినీ వేరువేరు తొట్లలో పెంచండి.